నీళ్ళు పోయని పిల్ల

సుద్దకుంటపల్లిలో ఎవరింట్లోనైనా మనిషి ఏడిస్తే పక్కింటివాళ్ళు కాసేపు ఆగి, సంగతి చూసి వెళ్ళేవాళ్ళు. తిరుపాలు ఇంట్లో మొక్క ఏడ్చిన రోజు మాత్రం వీధి వీధంతా చేతిలో పని వదిలేసి వచ్చింది.

ఏడుపు పెద్దదేమీ కాదు. పాలు దొరకని లేగదూడ గొంతు ఆరిపోయి, అరిచే ఓపిక కూడా లేక, ఉండుండి మూలిగినట్టు ఉంది. వసారాలో ఎండ పడేచోట నల్ల కుండీలో మూరెడు మొక్క. కుండీ అంచుకు రెండు అగ్గిపెట్టెలంత తెల్లటి పెట్టె. దాంట్లోంచి వెంట్రుకలాంటి తీగ వెళ్ళి కాండానికి చుట్టుకుని ఉంది. శబ్దం పెట్టెలోంచే వస్తోంది, ఏడ్చేది మాత్రం మొక్కే.

"ఏం మొక్కప్పా ఇది?" అంది ఎదురింటి రాములమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"గంజాయి" అన్నాడు తిరుపాలు.

"ఓర్నీ! దాన్ని పీల్చేటోని పెండ్లాము ఏడుస్తాది గానీ, అది యాల ఏడుస్తాది?"

అందరూ నవ్వారు. తిరుపాలు తల్లి ఈరమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్ళి చెంబెడు నీళ్ళు తెచ్చి మొక్క మొదట్లో పోసింది. కాసేపటికి మూలుగు సన్నబడి ఆగిపోయింది.

"దప్పికైంది దానికి" అంది ఈరమ్మ. "నోరుంటే మనిషైతాది, లేకుంటే మొక్కైతాది. దప్పిక ఒకటే."

బస్సులు ఆగే చోట ముప్పై ఎండాకాలాలుగా చలివేంద్రం నడుపుతున్న మనిషి ఆమె. దప్పిక గురించి ఆమె ఒక మాట అంటే ఊళ్ళో దానికి ఎదురు లేదు.

తలుపు చాటున నిలబడి తిరుపాలు కూతురు సుంకమ్మ ఇదంతా చూసింది. పదిహేడేళ్ళ పిల్ల. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు, తెలిసినవాళ్ళ ముందు కూడా అంతంతే. ఇంట్లో సుంకీ అంటారు. గుంపు వెళ్ళిపోయాక ఆమె వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. మద్దిలేటి పెట్టెకు చెవి ఆనించి వింటున్నాడు.

"అకా, ఇది నాకోసమే కదా ఏడుస్తాండేది?"

"దానికోసమే అది ఏడుస్తాది. నీకోసం పూత పూస్తాది" అంది సుంకీ.

మద్దిలేటికి ఎనిమిదేళ్ళు. నాలుగో ఏట నుంచి వాడికి ఫిట్స్. పెద్దాసుపత్రిలో ఇచ్చిన మాత్రలు ఒకటి రెండయ్యాయి, రెండు ఐదయ్యాయి, ఫిట్స్ మాత్రం ఆగలేదు. బడిలో వాడి బెంచీ గోడవారగా వేశారు, పడితే తల తగలకుండా గోడకు దిండు కట్టారు. వాడికి ఈత నేర్పలేదు, చెట్టెక్కనివ్వలేదు. వాకిలి దాటితే వెనకాల ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ సుంకీయే.

చట్టం మారి అప్పటికి నాలుగేళ్ళయింది. మత్తు దాదాపు లేకుండా, మందు మాత్రం మిగిలేట్టు పెంచిన ఒక రకం గంజాయిని మొండి ఫిట్స్ ఉన్న పిల్లల ఇళ్ళలో పెంచి చూడమని ప్రభుత్వం మొక్కల పరిశోధన కేంద్రానికి అనుమతి ఇచ్చింది. నలభై ఒక్క ఇళ్ళు. ఇంటికి ఒక్క మొక్క. పూత పూశాక కేంద్రానికి తీసుకెళ్ళి ఇస్తే వాళ్ళు నూనె తీసి, ఆ బిడ్డకు తగిన చుక్కలు లెక్కగట్టి సీసాలో ఇస్తారు. ముందుగా ఒక్క సీసా మాత్రం ఊరికే ఇచ్చారు. అది డెబ్భై రోజులకు సరిపోతుంది. ఆ లోపు మొక్క పూయాలి.

నూనె మొదలుపెట్టిన పన్నెండో రోజు నుంచి మద్దిలేటికి ఫిట్ రాలేదు. పదిహేనో రోజు వాడు సుంకీకి చెప్పకుండా వీధి చివరిదాకా వెళ్ళి, ఒంటరిగా తిరిగొచ్చాడు. వాడి తల్లి లచ్చుమక్క వాకిట్లో నిలబడి, కొడదామని ఎత్తిన చేతిని అలాగే దించేసి, వాడి తల నిమిరింది.

మొక్కలు ఇచ్చిన రోజు కేంద్రంలో పెద్ద హాలులో అందరినీ కూర్చోబెట్టారు. ఆ పెట్టెను తయారుచేసిన డాక్టర్ వకుళ వేదిక ఎక్కింది. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి, మాట నెమ్మది. ఒక వాడిన మొక్కను బల్ల మీద పెట్టి పెట్టె తగిలించింది. హాలంతా ఆ మూలుగు వినిపించింది. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఒకాయన లేచి తన నీళ్ళ సీసా మూత తీసేశాడు.

"చూశారా?" అని వకుళ నవ్వింది. "కాండంలో నీళ్ళు దారంలా పైకి పోతుంటాయి. వేళ్ళకు నీళ్ళు అందకపోతే ఆ దారం పుటుక్కున తెగుతుంది. ఆ చప్పుడు మన చెవికి ఆనదు. ఈ పెట్టెకు ఆనుతుంది. పోయినేడు పెట్టె లేకుండా మొక్కలిస్తే సగం ఎండి చచ్చిపోయాయి. అందరికీ పనులు, ఎవరికి గుర్తుంటుంది? మొదట్లో దీనికి గంట పెట్టాం. జనం నాలుగు రోజులు విని ఐదో రోజు వదిలేశారు. అప్పుడు ఈ గొంతు వెతికాను. దీన్ని విని చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి నాకింతవరకు కనపడలేదు."

తర్వాత నియమాలు చదివారు. గొంతు వినపడితే నీళ్ళు పోయాలి. పెట్టె ఎప్పుడూ మొక్కకు తగిలించే ఉండాలి. పెట్టెకున్న సీలు విప్పితే అనుమతి రద్దు, మొక్క వెనక్కి.

ఇరవై రోజులు అంతా బాగానే ఉంది. మొక్క మూరెడు నుంచి మూరన్నరకు పెరిగింది. తిరుపాలు బోరు లారీ మీద పనికి పోయి వచ్చాక, కాళ్ళు కూడా కడుక్కోకుండా ముందు దాన్ని చూసేవాడు. "ఏం మే, మీ మూడో బిడ్డ తిన్నదా?" అని వీధిలో వాళ్ళు లచ్చుమక్కను ఆటపట్టించేవాళ్ళు.

ఆ తర్వాత మొక్క ఏడ్వడం ఎక్కువైంది. మూడు రోజులకొకసారి ఏడ్చేది రోజూ ఏడవడం మొదలుపెట్టింది. రోజుకొకసారి కాస్తా మూడుసార్లయింది. కింది ఆకులు పసుపుబారాయి. పైఆకులు గొడుగు ముడిచినట్టు కిందికి వాలాయి.

"నీళ్ళు సాలడంల్యా" అంది లచ్చుమక్క.

"ఎండలు అట్లుండాయి మరి" అన్నాడు తిరుపాలు.

ఈరమ్మ వసారాలోనే మంచం వేసుకుంది. మూలుగు వినపడగానే లేచేది. ఒకరోజు మధ్యాహ్నం సుంకీ చూస్తుండగానే ఆమె మొక్క పక్కన కూర్చుని ఆకు పట్టుకుని, "ఇంగొంచెం సేపు ఓర్సుకో తల్లీ, వస్తాండాయి నీళ్ళు" అంది. అలా అని, తన మాట తనకే వినపడినట్టు ఉలిక్కిపడింది.

"ఎవరితో జేజీ?"

ఈరమ్మ ఆకు వదిలేసి చెప్పింది. కరువు ఏడాది, గంజికేంద్రానికి నడిచిపోతుంటే చంకలో ఉన్న ఆడబిడ్డ ఇలాగే మూలిగిందట. తిరుపాలు కన్నా ముందు పుట్టిన పిల్ల. "ఇంగొంచెం దూరం, ఇంగొంచెం దూరం అంటా నడిసినా. ఆ మేడమ్మ యాడ తెచ్చిందో ఈ గొంతు. అచ్చం అదే. నా చేత కాదు సుంకీ. ఇంట్లో నీళ్ళు పెట్టుకోని ఇది వినుకుంటా కూసోవడం నా చేత కాదు."

సుంకీ ఆ రోజంతా మొక్క వైపు చూడలేకపోయింది.

మర్నాడు పొద్దున వసారా ఊడ్చేటప్పుడు కుండీని జరపడానికి రెండు చేతులా పట్టుకుని ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే ఆగిపోయింది.

ఆ ఊళ్ళో పదేళ్ళ వయసు నుంచి బిందెలు మోయని ఆడపిల్ల లేదు. బిందెలో నీళ్ళు ఎంతున్నాయో మూత తీసి చూడరు, కొంచెం లేపి చెప్తారు. సుంకీ అయితే చలివేంద్రంలో ఏ కుండ ఎప్పుడు నింపాలో ఒక వేలితో వంచి చెప్పేది. ఇప్పుడు ఆమె చేతుల్లో ఉన్నది మొక్క కుండీ కాదు, నిండు కుండ. మొక్క ఇంకా మూలుగుతూనే ఉంది. మట్టిలోకి వేలు దించింది. రెండు కణుపుల లోతులో బురద. వేలు వాసన చూసుకుంది. మురిగిన బావి వాసన.

"జేజీ, నువ్వు పొద్దున ఎన్ని నీళ్ళు పోసినావు?"

"ఒక్క చెంబు."

"అమా, నువ్వు?"

లచ్చుమక్క తడబడింది. "మీ జేజి నిద్రపోతాందని నేనొక చెంబు... ఒకటే మే."

తిరుపాలు గడ్డం గోక్కున్నాడు. "పనికి పోతా పోతా నేనూ ఒకటి..."

మద్దిలేటి అందరి ముఖాలూ చూసి, "నేను గలాసుతోనే పోసినా. గలాసు లెక్కలోకి రాదు కదా?" అన్నాడు.

సుంకీ కుండీని పక్కకు వంచి అడుగు చూసింది. నీళ్ళు పోవడానికి ఉండాల్సిన మూడు కన్నాలకూ పాతగుడ్డ కుక్కి, పైన సున్నం మెత్తి ఉంది.

"ఇది ఎవరు చేసినారు?"

"నేనే" అంది లచ్చుమక్క, అందులో తప్పేముందన్నట్టు. "పోసినవి పోసినట్ల కింద కారిపోతాంటే? ట్యాంకరు వస్తే మూడు బిందెలకు జుట్లు పట్టుకుంటాము మనము. ఆ కేంద్రంలోళ్ళకేం, కొళాయి తిప్పితే వస్తాయి. ఓటి కుండీ అంటగట్టినారు మనకు. నేను సరిజేసినా."

సుంకీకి అప్పుడు అర్థమైంది. వేళ్ళు నీళ్ళలో మునిగి కుళ్ళుతున్నాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. తాగలేక మొక్కకు దప్పిక. దప్పికని ఏడిస్తే ఇంకో చెంబు. ఆ చెంబుతో ఇంకొన్ని వేళ్ళు కుళ్ళు. పెట్టె అబద్ధం చెప్పడం లేదు. కానీ అది చెప్పే నిజం మొక్కను చంపుతోంది.

ఆ సాయంత్రమే మద్దిలేటి గిన్నె అందుకోబోతూ ఒక్క క్షణం బిగుసుకుని చూపు ఎటో పెట్టాడు. ఫిట్ కాదు, అది వచ్చే ముందు వచ్చే నీడ. అందరూ వాడి వైపే చూశారు. వాడు రెప్పలాడించి, "ఏంటికి అట్ల సూస్తారు? నేను బాగనే ఉండా" అన్నాడు. లచ్చుమక్క అటక మీది సీసా దించి దీపానికి ఎదురుగా పట్టుకుంది. నూనె సగానికి పైగా దిగిపోయింది.

తిరుపాలు కేంద్రానికి ఫోను చేసి, మొక్క ఏడుపు ఎక్కువైందని చెప్పాడు. అవతలి గొంతు అంతా విని, "గొంతు వినపడితే నీళ్ళు పోయండి" అంది.

"నాయనా, పోదాం పా" అంది సుంకీ. ఆమె నోటినుంచి అలాంటి మాట తిరుపాలు వినడం అదే మొదటిసారి.

రెండు బస్సులు మారి కేంద్రానికి చేరేసరికి పదకొండయింది. వకుళ గది పక్కనే పొడుగాటి అద్దాల గది. వరసగా బల్లల మీద రెండొందల మొక్కలు, ప్రతిదానికీ తెల్లపెట్టె. ఒక్కటీ ఏడవడం లేదు. సుంకీ తలుపు దగ్గరే నిలబడి చెవులు రిక్కించి విన్నది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

గదిలో పనిచేసే ముసలాయన నవ్వాడు. "ఏం సూస్తాండావు పాపా?"

తండ్రి వెనక నిలబడి సుంకీ అడిగింది, అడిగినట్టు కూడా వినపడకుండా. "ఇవి యాల ఏడవడం లేదు?"

"ఈ ఏడుపు ఇంటాంటే మనిషి పని చేసేదెట్ల? మూడో రోజుకే గొంతు తీసేయించినాం. నేను పనికి రానని కూసున్నా. మేడమ్ గూడ ఇనలేకపాయ, పాపం. ఈడ మేం కొలత ప్రకారం పోస్తాం. కింద పళ్ళెంలో కొంచెం కారాల, మళ్ళ ఆరిందాంక ముట్టకూడదు. ఏడుస్తాదో నవ్వుతాదో మాకేం పని?"

వకుళ వాళ్ళను కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. తిరుపాలు చెప్పింది ఓపికగా విన్నది. కంప్యూటరులో వాళ్ళ పెట్టె పంపిన గీతలు చూసింది.

"మీరు బాగా చూసుకుంటున్నారండీ. ఏడ్చిన ప్రతిసారీ పావుగంటలోపే నీళ్ళు పడ్డాయి. నలభై ఒక్క ఇళ్ళలో మీరే మొదటి వరసలో ఉన్నారు."

సుంకీ గొంతులోకి ఒక మాట వచ్చింది. కుండీ బరువుగా ఉంది అని. ఆ మాట నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. అంత చదువుకున్న మనిషి, అంత మంచిగా మాట్లాడుతున్న మనిషి. సుంకీ కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది. బయటికి వచ్చి బస్సెక్కాక ఆమెకు ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఇల్లు చేరేసరికి కోపం ఒక్కటే మిగిలింది.

ఇంటికి రాగానే ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. కుండీని చంకనెత్తుకుని మిద్దె మెట్లెక్కింది. చాకుతో సున్నం గీకి, గుడ్డ పీకింది. నల్లటి నీళ్ళు కంపుకొడుతూ మిద్దె మీద పారాయి. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడేట్టు నిలబెట్టి, పక్కన చాప వేసుకుని కూర్చుంది.

"ఇంగ దీనికి ఎవరూ నీళ్ళు పోయకూడదు. పోసే రోజు నేను చెప్తా" అంది మెట్ల మీది నుంచి.

మొదటి రోజు మొక్క నాలుగుసార్లు ఏడ్చింది. రెండో రోజు ఆగకుండా ఏడ్చింది. మిద్దె మీద కావడంతో ఊరంతా వినపడింది. కింద వీధిలో జనం చేరారు.

"ఏం పిల్లప్పా ఇది! గుండెకాయా, రాయా?"

"నోరు లేంది అనుకుంటే, మనసే లేంది."

"ఈరమ్మ మనవరాలా ఇట్ల జేసేది? చలివేంద్రం పెట్టే ఇంట్లోనా?"

రాములమ్మ నీళ్ళ చెంబుతో మెట్లెక్కి వచ్చింది. సుంకీ లేచి మెట్లకు అడ్డంగా నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. "దిగు పెద్దమ్మా" అంది. రాములమ్మ ఆ పిల్ల గొంతు ఎప్పుడూ సరిగా వినలేదు. దిగిపోయింది.

మూడో రోజు ఈరమ్మ వచ్చింది. మెట్లెక్కలేక ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటూ వచ్చింది. చేతిలో చెంబు లేదు.

"నేను నీకేం చెప్పను" అంది. "నన్ను మాత్రం అడుగు. ఇది ఇంటా నేను ఎట్ల బతకాల?"

సుంకీ జేజి చేయి పట్టుకుని కుండీ అంచు మీద పెట్టించింది. "వంచి సూడు జేజీ. నీకు చెప్పేదేముంది."

ఈరమ్మ వంచింది. ముప్పై ఏళ్ళుగా కడవలు వంచిన చేయి అది. వంచగానే ఆమె ముఖం మారింది. ఇంకోసారి వంచింది. కుండీని వదిలేసి చాప మీద కూలబడింది.

"కడవ నిండుగ ఉండాది కదే" అంది. "నా బిడ్డకు నీళ్ళు ల్యాక పాయె. దీనికి నేనే పోసి పోసి..." అని ఆగిపోయింది.

"నువ్వు కాదు జేజీ. ఆ గొంతు."

అప్పట్నుంచి ఇద్దరూ కాపలా కూర్చున్నారు. మొక్క మూలిగినప్పుడల్లా ఈరమ్మ కొంగు చెవులకు చుట్టుకుని, పెదవులు బిగించి, కదలకుండా కూర్చునేది. కింద ఎవరైనా నోరెత్తితే మిద్దె మీది నుంచే అరిచేది. "పోయండి మే, మీ ఇండ్లలో మునిగి సచ్చేదానికి పోయండి నీళ్ళు!"

ఆరో రోజు పొద్దున కేంద్రం జీపు వచ్చింది. వకుళ దిగింది. చేతిలో కాగితాల అట్ట.

"ఆరు రోజులు. రెండొందల పదిసార్లు ఏడ్చింది. ఒక్క చుక్క లేదు" అంది మిద్దె ఎక్కి రొప్పుతూ. ఆమె కళ్ళు మొక్క మీదే ఉన్నాయి. వాడి వేలాడుతోంది. మూలుగు ఇప్పుడు సన్నటి దారంలా వస్తోంది. "ఎంత పని చేశారండీ. ఇప్పుడే నీళ్ళు పోయండి. లేకపోతే నేను తీసుకెళ్ళాల్సి వస్తుంది."

తిరుపాలు చేతులు నలుపుకున్నాడు. లచ్చుమక్క మద్దిలేటిని దగ్గరికి లాక్కుంది. ఎవరూ కదలకపోయేసరికి వకుళ తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పుతూ మొక్క వైపు నడిచింది.

సుంకీ మొక్క మొదట్లో మట్టి మీద రెండు అరచేతులూ పరిచింది.

"ఎత్తండి మేడమ్."

"ఏమిటమ్మా?"

"కుండీ. మీరు ఎప్పుడన్నా ఎత్తినారా?"

వకుళ తెల్లబోయింది. రెండొందల మొక్కలు, పదేళ్ళు. బల్లలున్నాయి, గొట్టాలున్నాయి, ఎత్తేవాళ్ళున్నారు. సీసా కింద పెట్టి, సుంకీ చేతులు తీయగానే కుండీని రెండు చేతులా పట్టుకుని లేపింది. లేపి అలాగే ఉండిపోయింది. ఆరు రోజులు ఎండలో ఆరిన తర్వాత కూడా అది బరువుగానే ఉంది. కింద పెట్టి, మట్టిలోకి వేలు దించింది. వేలికి తడి అంటింది.

"కానీ ఏడుస్తోంది" అంది, తనలో తాను అనుకున్నట్టు.

"మునిగిపోయేటోడు గూడ అరుస్తాడు మేడమ్" అంది సుంకీ. "వానికి చెంబెడు నీళ్ళు పోస్తామా?"



వకుళ పిట్టగోడ మీద కూర్చుంది. "ఇంకా ముప్పై ఇళ్ళ నుంచి ఇదే ఫిర్యాదు" అంది చివరికి. "ఎక్కువ ఏడుస్తోందని. నేను అందరికీ నీళ్ళు పోయమనే చెప్పాను." ముఖం రెండు చేతులతో రుద్దుకుంది. "నాకు నెల రోజులు టైమివ్వు. పై కమిటీకి రాస్తాను. వాళ్ళు ఒప్పుకుంటే పెట్టెలో గొంతు మారుస్తాం. అంతవరకు పెట్టె తీయకుండా దీన్ని ఇలాగే ఉంచు."

"నెలకు మా తమ్ముని సీసా అయిపోతాది. ఆ లోపల ఈ గొంతు ఇనలేక ఎవరో ఒకరు నీళ్ళు పోసి దీన్ని సంపుతారు."

"నియమం అలా ఉందమ్మా. సీలు తీస్తే నేను రాయక తప్పదు."

"రాయండి" అంది సుంకీ.

వంగి, పెట్టె మీది సీలును గోటితో చీల్చి, కాండానికి చుట్టిన తీగను ఒక్కొక్క చుట్టే, తొక్క ఊడకుండా విప్పింది. చివరి చుట్టు విప్పగానే మూలుగు ఆగింది. ఆరు రోజుల తర్వాత ఊళ్ళో కోళ్ళ అరుపు వినిపించింది, ఎవరో రోట్లో దంచడం వినిపించింది. ఈరమ్మ చెవుల మీది కొంగు తీసేసింది.

సుంకీ పెట్టెను వకుళ చేతిలో పెట్టింది. "నేనే తీసినా అని రాయండి. మా నాయన పేరు రాయొద్దు. సుంకమ్మ అని రాయండి. మొక్క మాత్రం ఈడ్నుంచి కదలదు. అది పూసిందాంక నేను గూడ కదలను."

వకుళ రాసింది. రాస్తున్నప్పుడు ఆమె చేయి రెండుసార్లు ఆగింది. రాసినదాని నకలు చింపి ఇస్తూ చెప్పింది. "ఈ సీలు సంగతి తేల్చడానికి పదిహేను రోజుల్లో కమిటీ కూర్చుంటుంది, అప్పటిదాకా మొక్క ఇక్కడే ఉండనీ. ఒక్క ఇల్లు వచ్చి చెప్తే, తప్పు చేసి సాకు చెప్తున్నారంటారు. ఒక్క ఇంటి మాట వినరు." ఆ ఒక్క అనే మాటను ఆమె నొక్కి పలికింది. అట్టలోంచి ఇంకో కాగితం తీసి, మడిచి, పిట్టగోడ మీద పెట్టింది. దాని మీద చేయి ఉంచి సుంకీ వైపు చూసి, చేయి తీసేసి మెట్లు దిగింది.

ఆ కాగితంలో నలభై ఒక్క పేర్లు, ఊళ్ళు.

ఎనిమిదో రోజు పొద్దున సుంకీ కుండీని ఎత్తితే తేలిగ్గా లేచింది. అప్పుడు ఆమె నీళ్ళు తెప్పించింది. మొదట్లో కుమ్మరించకుండా, కుండీ అంచు వెంబడి చుట్టూ, మట్టి పీల్చుకునేదాకా ఆగి ఆగి పోసింది. కన్నాల్లోంచి నాలుగు చుక్కలు కారగానే ఆపేసింది. ఆ చుక్కలు మిద్దె మీద పడి ఇంకిపోతుంటే లచ్చుమక్క చేతులు తమంతట తామే చెంబు కోసం వెతికి, మళ్ళీ ఊరుకున్నాయి. మర్నాటికి కొన ఆకులు రెండు లేచి నిలబడ్డాయి. కిందివి రాలిపోయాయి. బతికిన వేళ్ళు ఎన్నో ఎవరికీ తెలియదు.

"మళ్ళ ఎప్పుడు పోయాల?" అని అడిగాడు మద్దిలేటి.

"రోజూ ఎత్తి సూడు. పలకంత తేలిగ్గ లేసిన రోజు జేజికి చెప్పు" అంది సుంకీ. ఆ పని వాడికి అప్పజెప్పి, చెప్పులేసుకుని, ఆ కాగితం తీసుకుని ఒక్కతే బస్సెక్కింది.

కాగితంలో మొదటి పేరుది ఇరవై మైళ్ళ దూరంలోని ఊరు. ఆ వీధి మొదట్లోకి రాగానే మూలుగు వినిపించింది. ఇల్లు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. వాకిట్లో ఒకామె, సుంకీ కన్నా పదేళ్ళు పెద్ద, చంకలో ఆరేళ్ళ పిల్లను వేలాడేసుకుని, రెండో చేత్తో నిండు చెంబు పట్టుకుని మొక్క వైపు వెళుతోంది. పిల్ల తల ఒక పక్కకు వాలి ఉంది. మొక్క ఆకులన్నీ పసుపు.

సుంకీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయాయి. కేంద్రంలో నేల గీస్తూ నిలబడ్డ కాలి బొటనవేలు మళ్ళీ నేలను వెతికింది. చెంబు వంగుతోంది.

"అకా!" అని అరిచింది.

ఆమె తిరిగి చూసింది.

"ఎండన పడి వచ్చినా. నీళ్ళు."

అడిగినవాళ్ళకు లేదనడం ఆ ఊళ్ళోనూ లేదు. ఆమె ఒకసారి మొక్క వైపు చూసి, ఒకసారి ఈ కొత్తపిల్ల వైపు చూసి, చెంబు అందించింది. సుంకీ దాన్ని ఎత్తి తాగింది. గుటక గుటకకూ వెనక మొక్క మూలుగుతూనే ఉంది. కడుపు నిండినా ఆపలేదు. అడుగున చుక్క లేకుండా తాగి, చెంబును బోర్లించి అరుగు మీద పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఇంగ పిల్లను నాకియ్యి" అంది రెండు చేతులూ చాచి. "నువ్వు పోయి ఆ కుండీ ఎత్తు."